భవన ఊహాచిత్రాలలో చెట్లు

కట్టబోయే భవనమును లేదా ప్రదేశమును ముందుగా చూపే చిత్రాలను ఊహాచిత్రాలు అంటారు. ఈ చిత్రాలలోను, చిన్న నమూనాలలోను, కంప్యూటరు దృశ్యాలలోను భవనం ప్రక్కన చూపే వృక్షరూపాలే భవన ఊహాచిత్రాలలోని చెట్లు. ఇవి చాలావరకు చెట్టుకు అచ్చమైన ప్రతిరూపాలు కావు. ఆకులను, చిన్న కొమ్మలను వదలివేసి, కొద్ది గీతలతో, వృత్తాలతో, రంగు మచ్చలతో చెట్టు అనే భావాన్ని కలిగించే శైలీకృత రూపాలు. చెట్టులో ఏది వదలవచ్చును, ఏది వదలరాదు అనే విచక్షణ ఈ కళకు మూలం. ఆకులు వదలివేసినా నష్టం లేదు గాని, చెట్టు ఎత్తు, వ్యాపించే వెడల్పు, నిలిచే చోటు, జాతి తప్పుగా చూపితే చిత్రం చూచి నిర్ణయం తీసుకొనే వారు మోసపోతారు.

చెట్టును సంక్షిప్తంగా చూపే పద్ధతులకు కృష్ణా తీరంలో పాత సంప్రదాయం ఉన్నది. అమరావతి స్తూప శిల్పాలు, మైలవరం శాసనసభ నియోజకవర్గంలోని కొండపల్లిలో తయారయ్యే చెక్కబొమ్మలు, పెడనలో అచ్చువేసే కలంకారీ వస్త్రాలు ఇందుకు ఉదాహరణలు. భవన నిర్మాణ విద్యకు సంబంధించిన కేంద్రప్రభుత్వ సంస్థ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008లో విజయవాడలో ఏర్పడినది.

ప్రయోజనం

భవనచిత్రంలో చెట్టు కేవలం అలంకారం కాదు. దానివలన నాలుగు పనులు నెరవేరుతాయి.

* కొలత తెలియజేయడం: భవనం ఎంత ఎత్తున్నదో గీత చూచి చెప్పడం సామాన్యులకు కష్టం. ప్రక్కన మనిషి, ఒక చెట్టు ఉన్నచో వెంటనే అంచనాకు వస్తుంది.
* దూరం తెలియజేయడం: ముందు చెట్టు ముదురుగా, వెనుక చెట్టు లేతగా వేసినచో కాగితం మీద లోతు కనిపిస్తుంది.
* స్థలం తెలియజేయడం: తాటిచెట్లు ఉన్న చిత్రం డెల్టా గ్రామాన్ని, మామిడితోట ఉన్న చిత్రం నూజివీడు, మైలవరం వంటి మెట్టప్రాంతాన్ని స్ఫురింపజేస్తుంది.
* వాతావరణం తెలియజేయడం: నీడ ఎక్కడ పడుతుందో, పడమటి ఎండ ఏ గోడకు తగులుతుందో, కిటికీ ముందు చెట్టు ఉన్నదో లేదో చూపుతుంది.

భవనం ప్రధానం, చెట్టు సహాయకం. చెట్టును మరీ వివరంగా వేసినచో చూపరి దృష్టి భవనం మీద నిలువదు. శైలీకరణ అవసరమైనది ఇందుకే.

కృష్ణా తీరంలో శైలీకృత వృక్షాలు

అమరావతి శిల్పాలు

అమరావతి స్తూపపు అండం క్రింది వర్తులాకార వేదికకు అమర్చిన పలకలలో కొన్నింటిపై స్తూపం రూపమే చెక్కబడినది. ప్రాకారం, ద్వారాల వద్ద సింహాలు, ఐదేసి ఆయక స్తంభాలు, పైన ఛత్రాలు, చుట్టూ భక్తులు వీటిలో కనిపిస్తారు. స్తూపం చాలావరకు శిథిలమైనందున, అది పూర్వం ఎట్లుండేదో ఊహించటానికి ఈ పలకలే పరిశోధకులకు ముఖ్య ఆధారమైనవి. ఆ విధంగా ఇవి రాతిలోని భవనచిత్రాలు. ఇటువంటి పలక ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. దాని ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దికి చెందిన బోధివృక్ష పూజా దృశ్యం, రెండవవైపు క్రీస్తుశకం 3వ శతాబ్దికి చెందిన స్తూపచిత్రం ఉన్నవి. అనగా పాత పలకనే త్రిప్పి తిరిగి వాడుకొన్నారు.

తొలినాటి శిల్పాలలో బుద్ధుని మనిషి రూపంలో చూపక, బోధివృక్షం, ఖాళీ ఆసనం, పాదముద్రల ద్వారా సూచించేవారు. కావున చూచినవారు అది రావిచెట్టు అని గుర్తించి తీరాలి. శిల్పి వేలాది ఆకులు చెక్కలేదు. హృదయాకారంలో ఉండి కొన సాగిన రావి ఆకును ఉన్నదానికంటె పెద్దదిగా చేసి కొద్ది ఆకులను మాత్రమే చూపినాడు. సంఖ్య తగ్గించి, గుర్తుపట్టే లక్షణాన్ని పెంచే ఈ పద్ధతి నేటి చిత్రకారులకు కూడా ఉపయోగపడుతుంది.

కొండపల్లి బొమ్మలు

కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్లపొణికి చెక్కతో చేయబడతాయి. చెక్కను ఆరబెట్టి, వేడితో తేమ పోగొట్టి, బొమ్మ భాగాలను విడివిడిగా చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో భాగాలను అతికిస్తారు. సున్నపు పూత ఆరిన పిదప రంగులు వేస్తారు. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

దశావతారాలు, అంబారీ ఏనుగులతోపాటు గ్రామదృశ్యాలు ఈ బొమ్మలలో ప్రసిద్ధమైనవి. మోకుతో తాటిచెట్టు ఎక్కుతున్న కల్లుగీత కార్మికుడు, చెట్టు క్రింద వేణువు ఊదే కృష్ణుడు, ఎడ్లబండి ప్రక్కన కొబ్బరిచెట్టు వీటిలో కొన్ని. తాటిచెట్టుకు నిలువు కాండం, దాని తలపై కొద్దిపాటి వెడల్పాటి ఆకులు చాలును. గీత కార్మికుడు లేకపోతే ఆ చెట్టు ఎంత ఎత్తో తెలియదు. మనిషిని ప్రక్కన ఉంచి కొలత చెప్పడం భవన నమూనాలు చేసేవారు కూడా అనుసరించే సూత్రమే. అయితే బొమ్మలలో మనిషి పెద్దగాను, చెట్టు పొట్టిగాను ఉంటుంది. కథ చెప్పే బొమ్మకు ఇది గుణం, కొలత చెప్పవలసిన భవన నమూనాకు మాత్రం దోషం.

పెడన కలంకారీ

మచిలీపట్నం సమీపంలోని పెడనలో టేకు అచ్చులతో కలంకారీ వస్త్రాలు ముద్రిస్తారు. కోరమాండల్ తీరం నుండి 17, 18 శతాబ్దాలలో ఐరోపాకు ఎగుమతి అయిన పెద్ద వస్త్రాలలో జీవవృక్షం ముఖ్య చిత్రం. వంపు తిరిగిన ఒకే కాండం నుండి అనేక రకాల పూలు, ఆకులు పుట్టినట్లు దీనిని చూపేవారు. ఇది ప్రకృతిలో లేని చెట్టు. అచ్చుపనిలో ఒకే రూపాన్ని పదేపదే వేస్తారు. కంప్యూటరులో నక్షాలు గీసే ఆటోక్యాడ్ ప్రోగ్రాములో కూడా ఒకసారి గీసి పలుచోట్ల వాడుకొనే చెట్టు రూపాన్ని బ్లాక్ అనే పిలుస్తారు.

భవనచిత్రాలలో చరిత్ర

ఇంగ్లండుకు చెందిన ఉద్యాన రూపకర్త హంఫ్రీ రెప్టన్ (1752-1818) తన ఖాతాదారుల కొరకు ఎర్ర అట్టతో ప్రత్యేక పుస్తకాలు తయారుచేసేవాడు. వాటిలో ప్రస్తుత దృశ్యాన్ని చూపే కాగితపు మడతను ఎత్తితే, దాని క్రింద మార్పుల తరువాతి దృశ్యం కనిపించేది. తీసివేయబోయే చెట్లు, నాటబోయే చెట్లు రెండింటినీ యజమాని పోల్చి చూచుకొనే వీలు దీనివలన కలిగినది. రెండవ దృశ్యంలోని చెట్లు ఎన్నేళ్లకు ఆ రూపానికి వస్తాయనే ప్రశ్న మాత్రం అప్పటి నుండే ఉన్నది.

అమెరికాకు చెందిన మేరియన్ మహొనీ గ్రిఫిన్ (1871-1961) ఈ కళలో అగ్రగణ్యురాలు. ఆమె ఫ్రాంక్ లాయిడ్ రైట్ కార్యాలయంలో పనిచేసిన కాలంలో గీసిన చిత్రాలు, 1910లో బెర్లిన్‌లో వాస్మత్ ప్రచురణగా వెలువడిన రైట్ చిత్రసంపుటికి ఆధారమైనవి. జపాను చెక్కఅచ్చు చిత్రాల ప్రభావంతో ఆమె ఆకుల గుంపులను సన్నని గీతలతో, చదునైన ఖాళీలతో చూపి, భవనమును వాటి మధ్య ఇమిడ్చేది. 1912లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా రూపకల్పన పోటీలో ఆమె భర్త వాల్టర్ బర్లీ గ్రిఫిన్ గెలుపునకు ఆమె గీసిన చిత్రాలు ఎంతో తోడ్పడినవి. ఈ దంపతులు తరువాత లక్నోలో కూడా పనిచేసినారు. వాల్టర్ 1937లో అక్కడే మరణించినాడు.

శ్రీలంకలో జెఫ్రీ బావా (1919-2003) కార్యాలయంలో చిత్రకారుడు లకీ సేననాయకే మొదలగువారు, స్థలంలో నిజంగా ఉన్న చెట్లను ఒక్కొక్కటిగా పరిశీలించి నక్షాలలో గీసేవారు. చెట్టు రూపం శైలీకృతమైనా, ఏ చెట్టు ఎక్కడున్నదో ఆ నక్షా చూచి చెప్పవచ్చును. భారతదేశంలో బాలకృష్ణ దోషీ (1927-2023) తన భవనాలను భారతీయ సూక్ష్మచిత్రాల రీతిలో చిత్రించినాడు. వాటిలో నేలను పైనుండి చూచినట్లు, చెట్లను ప్రక్కనుండి చూచినట్లు ఒకే కాగితంపై చూపడం గమనించవచ్చును. దోషీకి 2018లో ప్రిట్జ్‌కర్ పురస్కారం లభించినది.

గీసే విధానం

ప్లాన్‌లో

ప్లాన్ అనగా పైనుండి చూచినట్లు గీసిన నక్షా. ఇందులో చెట్టు ఒక వృత్తం. మధ్యలోని చుక్క కాండాన్ని, బయటి గీత కొమ్మలు వ్యాపించిన మేరను తెలుపుతాయి. ముందుగా పెన్సిలుతో వృత్తం గీసి, దానిపై కొంచెం వంకరగా చేతిగీత గీయడం సాధారణ పద్ధతి. కొబ్బరి, తాటి చెట్లను మధ్య నుండి వెలువడే నక్షత్రపు గీతలతో చూపుతారు. గుంపుగా ఉన్న చెట్లకు ఒక్కొక్క వృత్తం గీయక, మొత్తానికి ఒకే వెలుపలి గీత గీసి, లోపల కాండాల చుక్కలు పెట్టినచో నక్షా శుభ్రంగా ఉంటుంది.

వృత్తం పరిమాణం స్కేలుకు లోబడి ఉండాలి. కొమ్మలు 8 మీటర్ల వెడల్పున వ్యాపించే వేపచెట్టు 1:100 స్కేలులో 80 మి.మీ., 1:200 స్కేలులో 40 మి.మీ., 1:500 స్కేలులో 16 మి.మీ. వ్యాసంతో ఉండాలి. విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు, చేతిలో ఉన్న స్టెన్సిల్‌లోని వృత్తాన్ని స్కేలు చూడకుండా వాడడం.

ఇప్పటికే ఉన్న చెట్లు, కొత్తగా నాటబోయేవి, తొలగించబోయేవి వేర్వేరు గుర్తులతో చూపాలి. సాధారణంగా ఉన్నవాటికి నిండుగీత, నాటబోయేవాటికి సన్నగీత, తొలగించేవాటికి తెగినగీత లేదా అడ్డగుర్తు వాడి, ఆ గుర్తుల పట్టికను నక్షా అంచున ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం 2002 చెట్ల నరికివేతను నియంత్రిస్తున్నది. కావున ఈ గుర్తులకు చట్టరీత్యా కూడా ప్రాముఖ్యం కలదు.

ఎలివేషన్‌లో

ఎలివేషన్ అనగా ఎదురుగా నిలబడి చూచిన రూపం. చెట్టును ఈ వరుసలో గీయడం సులభం.

1. ప్రక్కన 1.6 మీటర్ల మనిషిని గీసి, దానితో చెట్టు మొత్తం ఎత్తు గుర్తించాలి.
2. గుబురు వెలుపలి ఆకారం తేలికగా గీయాలి. మామిడికి గోపురం, వేపకు చెదిరిన గుండ్రం, మర్రికి ఎత్తుకంటె వెడల్పు ఎక్కువ.
3. కాండం, రెండు మూడు పెద్ద కొమ్మలు గీయాలి. అన్ని కొమ్మలూ అవసరం లేదు.
4. గుబురులో అక్కడక్కడ ఆకాశం కనిపించే ఖాళీలు వదలాలి. ఇవి లేకపోతే చెట్టు బరువైన ముద్దగా కనిపిస్తుంది.
5. వెలుతురుకు వ్యతిరేక దిశలో మాత్రమే గీతలు దట్టం చేయాలి.
6. భవనం ముందున్న చెట్టును వెలుపలి గీతకే పరిమితం చేసి, దాని గుండా గోడ, కిటికీలు కనిపించనివ్వాలి.

కొమ్మల మందానికి లియొనార్డో డా విన్సీ చెప్పిన సూత్రం ఉపయోగపడుతుంది. దాని ప్రకారం కాండం చీలినచోట, చీలిన కొమ్మల అడ్డుకోత వైశాల్యాల మొత్తం, చీలకముందున్న కాండపు అడ్డుకోత వైశాల్యానికి ఇంచుమించు సమానం. ఉదాహరణకు 20 సెం.మీ. వ్యాసం గల కాండం రెండు సమానమైన కొమ్మలుగా చీలినచో, ఒక్కొక్క కొమ్మ వ్యాసం సుమారు 14 సెం.మీ. ఉంటుంది, 10 సెం.మీ. కాదు. ఈ ఒక్క లెక్క పాటించినచో అయిదారు గీతల చెట్టు కూడా సహజంగా కనిపిస్తుంది. కొమ్మలు వేయని తాటి, కొబ్బరి చెట్లకు ఈ సూత్రం వర్తించదు.

నీడలు

చాలా పాఠ్యపుస్తకాలలో వెలుతురు ఎడమవైపు పైనుండి 45° కోణంలో వస్తున్నట్లు భావించి నీడలు గీయమని చెబుతారు. ఉత్తరం పైకి ఉన్న ప్లాన్‌లో దీని అర్థం, ఎండ వాయవ్యం నుండి వచ్చి నీడ ఆగ్నేయానికి పడుతున్నదని. విజయవాడ సుమారు 16.5° ఉత్తర అక్షాంశంపై ఉన్నది. ఇక్కడ సంవత్సరంలో ఎక్కువ కాలం మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుంది. మే మొదటివారం నుండి ఆగష్టు మొదటివారం వరకు మాత్రమే దక్షిణానికి పడుతుంది. 10 మీటర్ల ఎత్తు చెట్టుకు సూర్యుడు నడినెత్తి రేఖ దాటే వేళ ఏర్పడే నీడ పొడవు ఈ విధంగా ఉంటుంది.

* మార్చి 21, సెప్టెంబరు 23: సుమారు 3 మీటర్లు, ఉత్తరానికి
* జూన్ 21: సుమారు 1.2 మీటర్లు, దక్షిణానికి
* డిసెంబరు 22: సుమారు 8.4 మీటర్లు, ఉత్తరానికి

45° పద్ధతిలో ఇదే చెట్టుకు 10 మీటర్ల నీడ వస్తుంది. చిత్రం అందానికి ఆ పద్ధతి చాలును. పాఠశాల ఆవరణలో పిల్లలు కూర్చునే అరుగు ఎక్కడ కట్టాలి, బస్టాండు ఎక్కడ నీడలో ఉంటుంది అని నిర్ణయించే నక్షాలో మాత్రం స్థానిక నీడనే వేయాలి.

స్థానిక వృక్షాలు, గుర్తుపట్టే లక్షణాలు

జాతి తెలిసేటట్లు గీయటానికి ఒక్కొక్క చెట్టుకు ఒకటి రెండు లక్షణాలు చాలును.

* తాటి: నిటారైన కాండం, విసనకర్ర వంటి ఆకులు, బంతివంటి తల.
* కొబ్బరి: కొద్దిగా వంగిన సన్నని కాండం, వంపు తిరిగి క్రిందికి వ్రేలాడే ఈకవంటి పొడవాటి ఆకులు.
* మర్రి: ఊడలు, ఎత్తుకంటె అధికమైన వెడల్పు. ఊడలు గీయకపోతే మర్రి అని తెలియదు.
* రావి: హృదయాకారపు ఆకు, పైకి లేచే కొమ్మలు.
* మామిడి: దట్టమైన ముదురు గోపురం. లోపల ఖాళీలు తక్కువ.
* వేప: పలుచని గుబురు, గాలికి చెదిరిన అంచు.
* చింత: చిన్న ఆకుల మృదువైన మబ్బువంటి గుంపులు, విశాలమైన వ్యాప్తి.
* సరుగుడు: సన్నని నిలువు గీతల కుచ్చు. సముద్రతీర చిత్రాలలో ఉపయోగిస్తారు.

నమూనాలలో చెట్లు

అట్టతో, థర్మోకోల్‌తో, చెక్కతో చేసే భవన నమూనాలలో చెట్టు రూపం స్కేలును బట్టి మారుతుంది. 1:500 నమూనాలో గుండుసూది తలకు గుచ్చిన చిన్న పూస లేదా బంతి చాలును. 1:200లో సన్నని తీగలను కలిపి మెలితిప్పి, చివరలు విడదీసి కొమ్మలుగా చేసి, రంగు వేసిన స్పాంజి తునకలు అంటిస్తారు. 1:100, 1:50 నమూనాలలో ఎండిన పుల్లలు, గడ్డిపూల కంకులు బాగుంటాయి. రెండు అట్టముక్కలకు సగం వరకు గాట్లు పెట్టి అడ్డంగా ఒకదానిలో ఒకటి దూర్చితే, ఏ వైపు నుండి చూచినా చెట్టు ఆకారం కనిపించే సరళమైన నమూనా వస్తుంది. నమూనా మొత్తం తెల్లగా ఉన్నచో చెట్లను కూడా తెల్లగా ఉంచడం మేలు. ఒక్క చెట్లకే ఆకుపచ్చ రంగు వేసినచో చూపు భవనం మీదకు పోదు.

కంప్యూటరులో చెట్లు

1982లో వెలువడిన ఆటోక్యాడ్, 2000లో వెలువడిన స్కెచ్‌అప్ మొదలగు ప్రోగ్రాములతో చేతిచెట్టు స్థానంలో సిద్ధంగా ఉన్న చెట్లు వచ్చినవి. నిజమైన చెట్టుకు ఆకులు లక్షలలో ఉండవచ్చును. ఒక్కొక్క ఆకును లెక్కించడం కంప్యూటరుకు భారం కనుక పలకవంటి చెట్లు వాడతారు. ఇవి ఒక చదునైన బొమ్మకు చెందినవి, ఎల్లప్పుడూ చూపరివైపు తిరిగి ఉంటాయి. ఎదురుగా చూచినపుడు బాగుంటాయి గాని, పైనుండి చూచినపుడు సన్నని గీతలుగా మారిపోతాయి.

మరొక మార్గం చెట్టును సూత్రంతో పెంచడం. హంగరీకి చెందిన జీవశాస్త్రవేత్త అరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో మొక్కల పెరుగుదలను అక్షరాల మార్పు నియమాలుగా వర్ణించినాడు. "ఒక కొమ్మ రెండు కొమ్మలగును" వంటి నియమాన్ని పదేపదే వర్తింపజేసినచో చెట్టు ఆకారం ఏర్పడుతుంది. నియమాన్ని మూడు నాలుగు దశలలో ఆపివేసినచో శైలీకృత వృక్షం, ఎక్కువ దశలకు తీసుకుపోయినచో సహజవృక్షం లభిస్తాయి.

ప్రోగ్రాములతో వచ్చే సిద్ధ సంపుటాలలో చల్లని దేశాల చెట్లు ఎక్కువగా ఉంటాయి. తాటి, వేప, కానుగ వంటివి దొరకనిచోట శరదృతువులో ఎర్రబడే మేపుల్ వంటి చెట్లు డెల్టా భవనాల ముందు కనిపించటానికి ఇదే కారణం. స్థానిక చెట్టును ఫొటో తీసి, దాని వెలుపలి ఆకారాన్ని ఒకే రంగుతో నింపి వాడుకొనడం ఇందుకు సులభమైన ప్రత్యామ్నాయం.

చిత్రము, వాస్తవము

ఊహాచిత్రంలోని చెట్టు ఒక వాగ్దానంగా చదువబడుతుంది. అపార్టుమెంటు కొనేవారు గోడ మందం చూడకపోయినా, చెట్ల నీడ చూస్తారు. ఈ విషయంలో వచ్చే ముఖ్య విమర్శలు ఇవి.

* వయసు: చిత్రంలోని చెట్టు బాగా ఎదిగినది. భవనం పూర్తయిన రోజున ఉండేది మనిషి ఎత్తు మొక్క. నీడనిచ్చే చెట్టు కావటానికి పదేళ్లు, అంతకుమించి పట్టవచ్చును.
* చోటు: ప్రక్క ఖాళీ 2 మీటర్లే ఉన్నచోట 8 మీటర్లు వ్యాపించే చెట్టు పెరుగలేదు. సెల్లారు పైకప్పు మీద పలుచని మట్టిలో మర్రి, రావి వంటి పెద్ద చెట్లు నిలువవు.
* మరుగు: బాగులేని గోడ, ప్రక్క భవనం, కరెంటు తీగలు కనిపించకుండా చెట్టును అడ్డుపెట్టడం.
* తొలగింపు: స్థలంలో ఉన్న పాత చెట్టును చిత్రంలో చూపకుండా, ఖాళీ నేలగా చూపడం.

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లోని 12వ సెక్షను ప్రకారం, ప్రకటనలోని లేదా నమూనాలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి సొమ్ము చెల్లించి నష్టపోయినవారికి నిర్మాణదారు పరిహారం చెల్లించాలి. అనేక ప్రకటనలలో చిత్రం అడుగున చిన్న అక్షరాలతో ఇది చిత్రకారుని ఊహ మాత్రమే అని ముద్రించడం పరిపాటి.

పెద్ద ప్రణాళికలలో కూడా ఇదే ప్రశ్న ఉన్నది. అమరావతి రాజధాని నగరానికి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగినది. లండన్‌కు చెందిన ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ సంస్థ ప్రభుత్వ భవన సముదాయం కొరకు రూపొందించిన ప్రణాళికలో కనీసం 60 శాతం స్థలం పచ్చదనానికి, నీటికి కేటాయించబడినది. భవనాలు కట్టకముందే ఆ ఊహాచిత్రాలలోని చెట్లు, కాలువలు ప్రజలకు పరిచితమైనవి. 2019 తరువాత చాలాకాలం నిలిచిపోయిన పనులు 2024 తరువాత తిరిగి ప్రారంభమైనవి. చిత్రంలో చెట్టు వేయటానికి నిమిషం చాలును. నేలపై చెట్టు పెంచటానికి ఎన్నో వేసవులు నీరు పోయాలి.

శైలీకృత వృక్షం ఇక్కడ ఒక మేలు చేస్తుంది. ఫొటోను పోలిన దృశ్యం అది ఉన్నదే అనే భ్రమ కలిగిస్తుంది. కొద్ది గీతల చెట్టు మాత్రం తాను ఇంకా నాటవలసిన చెట్టునే అని తెలియజేస్తుంది. దానితోపాటు నాటిన రోజున, 5 ఏళ్లకు, 15 ఏళ్లకు చెట్లు ఎట్లుంటాయో మూడు వేర్వేరు గీతలతో చూపినచో చూపరికి పూర్తి సమాచారం అందుతుంది.

చెట్టు బొమ్మకు, చెట్టుకు ఉన్న సంబంధం కొండపల్లిలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పరిసర అడవులలో పొణికి తగ్గిపోవడం అక్కడి కళాకారులు ఎదుర్కొంటున్న ముఖ్య సమస్య. పొణికి మొక్కలు పెరిగితేనే చెక్కబొమ్మల చెట్లు కూడా మిగులుతాయి.

ఇవి కూడా చూడండి

* కొండపల్లి బొమ్మలు
* కలంకారీ
* అమరావతి స్తూపం
* తెల్లపొణికి
* మైలవరం